వెనక బ్యాటరీ సాక్ష్యం

"పెట్టను," అంది వైర్ల పిల్ల.

ఇన్‌స్పెక్టరు కాగితాన్ని జీపు బానెట్ మీద ఇంకొంచెం ముందుకు జరిపాడు. పెన్ను మూత తీసి మరీ అందించాడు.

"సంతకం పెడితే నిర్లక్ష్యం కింద పోతుంది. పెట్టకపోతే అంతకన్నా గట్టి సెక్షన్లున్నాయి. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచి నేను చూసుకుంటాలెండి సార్. అయినా బేడీలేసిన చేత్తో సంతకం ఏం బాగుంటుంది?"

నాకు నవ్వొచ్చింది. మనిషి పోయిన చోట నవ్వితే బాగుండదని దగ్గుగా మార్చుకున్నాను. ఇన్‌స్పెక్టరు నా వైపు ఓ చూపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. పోలీసు ట్రైనింగులో మేమిద్దరం ఒకే బ్యాచి. నేను ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను, ఆయన వదలకుండా పట్టుకుని ఇన్‌స్పెక్టరయ్యాడు. మనిషి చెడ్డవాడేం కాదు. లంచం ముట్టడు, అబద్ధం చెప్పడు. కాకపోతే చొక్కా ఇస్త్రీ నలగకుండా కేసు తేలిపోవాలంటాడు. అందుకే ట్రైనింగు రోజుల్లోనే ఆయనకి ఇస్త్రీబాబు అని పేరు పెట్టాను. ఆ పేరు పెట్టింది నేనేనని ఆయనకి తెలుసు.

జరిగింది ఇదీ. మొన్న పొద్దున్న ఈ బళ్ల యార్డులో, ఇదిగో ఈ ఎదురుగా ఉన్న తెల్ల ఇల్లుబండిలో, రిటైరైన బస్సు డ్రైవరొకాయన మంచం మీద చనిపోయి కనిపించాడు. పాత వ్యాను కొని, లోపల మంచం, పొయ్యి, అరలు పెట్టించుకుని, భార్యతో దేశం తిరుగుతున్నవాడు. తలుపుకి లోపలి నుంచి గడియ. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ఇంజను పొగ పీల్చి పోయాడని డాక్టర్లు తేల్చారు.

నన్ను పిలిపించింది ఆయన భార్య. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. నిన్న ఫోన్లో నాతో ఒకటే మాటంది. "అమ్మాయీ, మా బండికి వైరింగు చేసిన పిల్లని పట్టుకెళ్లారు. అది తప్పు చేసుంటే నేనే దగ్గరుండి జైల్లో పెట్టిస్తాను. చెయ్యకపోతే మాత్రం నా మొగుడి పేరు చెప్పి దాని బతుకు నాశనం చెయ్యనివ్వను."

ఆ పిల్లని మధ్యాహ్నం మూడింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెట్టాక సంగతి వేరే చెప్పాలా! ఆమె వైరింగు వల్ల మనిషి చచ్చిపోయాడని ఒకసారి కాగితం మీద పడిందంటే ఆమె షెడ్డు ముందు మళ్లీ ఒక్క బండి ఆగదు. నేను యార్డుకి వచ్చేసరికి పన్నెండు దాటింది. తప్పొప్పుకుంటున్నట్టు సంతకం చేయించి, బండి నేలకి కన్నం ఎక్కడ పెట్టిందో చూపించుకోవడానికి ఇస్త్రీబాబు ఆమెని అక్కడికి తెచ్చాడు.

"ఏదీ, మీ కథ నాక్కూడా ఓసారి చెప్పండి," అన్నాను.

"కథ కాదు మేడమ్, కేసు."

"సరే, కేసే. చెప్పండి."

ఆయన చెప్పడం బాగా చెబుతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "బండిలో రెండు బ్యాటరీలు. ముందుది బండిది. మంచం కిందున్నది ఇంటిది. లైట్లకి, ఫ్యానుకి, ఈవిడగారు నిద్రలో పెట్టుకునే ఊపిరి మిషనుకి. ఇంజను తిరుగుతుంటే వెనక బ్యాటరీకి చార్జి ఎక్కాలి. ఈ అమ్మాయి వైరింగు చెడింది, ఎక్కట్లేదు. ఎక్కట్లేదని పెద్దాయన రాత్రంతా ఇంజను ఆన్ చేసి పడుకున్నాడు. ముందు నుంచి వెనక్కి వైరు లాగడానికి ఈ అమ్మాయి బండి నేలకి కన్నం పెట్టింది. దానికి రబ్బరు వెయ్యలేదు. పొగ అందులోంచి వచ్చింది. ట్యాంకులో చుక్క డీజిలు లేదు. తాళంచెవి ఆన్‌లో ఉంది. వెనక బ్యాటరీ కొలిస్తే పదకొండు వోల్టులు, అంటే ఖాళీ. రాత్రంతా ఇంజను తిరిగినా బ్యాటరీ నిండలేదంటే, మరి తప్పెవరిది?"

చెప్పొద్దూ, నాక్కూడా ఒక్క క్షణం గుండె జారింది. రెండు తప్పులు, రెండూ ఆ పిల్లవే. ఎక్కడా సందు లేదు.

"రబ్బరు వేశాను," అంది వైర్ల పిల్ల. ముప్పై ఏళ్లుంటాయి. భయమన్నది ఆ ముఖంలో మచ్చుకి కూడా లేదు, కోపం మాత్రం కావలసినంత ఉంది. "కన్నానికి రబ్బరు రింగు వేసి, చుట్టూ గమ్ము పూశాను. నేను చేసిన పనికి ఊళ్లో ఇంకొకడొచ్చి వంక పెట్టాలంటే వాడు మళ్లీ పుట్టాలి. మీరా, నాకు చెప్పేది?"

"వేస్తే ఏదీ?"

"నన్నడుగుతారేంటి? వెతకాల్సింది మీరు."

"నోరు తగ్గించుకో."

"తగ్గించుకుంటే వైరింగు బాగవుతుందా సార్?"

ఈ పిల్ల నాకు నచ్చింది. కానీ నచ్చినంత మాత్రాన కేసు గెలవదు కదా. టార్చి తీసుకుని, చీర కుచ్చిళ్లు దోపి, మట్టిలో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాను. కానిస్టేబులు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. యాభై రెండేళ్ల ఆడది బండి కిందికి దూరితే ఎవరికైనా ఇబ్బందే, ముఖ్యంగా ఆ పని తను చెయ్యాల్సినవాడికి.

కన్నం ఉంది. రెండు బొటనవేళ్లు పక్కపక్కన పట్టేంత ఉంది. బొటనవేలంత లావు ఎర్ర వైరొకటి అందులోంచి లోపలికి పోతోంది. రబ్బరు లేదు. కన్నం అంచుని వేలితో తడిమాను, చర్మం తెగి రక్తమొచ్చింది. అంత పదునుగా ఉంది రేకు. అదే అంచుకి ఆనుకుని ఉన్న వైరుని టార్చి వేసి చుట్టూ చూశాను. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

బయటికొచ్చి తెగిన వేలిని ఇస్త్రీబాబు కళ్ల ముందు పెట్టాను.

"ఇదేంటి?" అన్నాడు.

"ఒక్కసారి తడిమితే నా వేలు తెగింది. ఈ బండికి వైరింగు చేసి ఎన్నాళ్లయింది?"

"ఆర్నెల్లు," అంది నర్సమ్మ.

"ఆర్నెల్లుగా గతుకుల రోడ్ల మీద తిరిగింది. రబ్బరు లేకపోతే ఆ అంచు వైరు తొడుగుని కోసి ముక్కలు చెయ్యాలి. తొడుగు నున్నగా ఉంది. అంటే మొన్నమొన్నటిదాకా అక్కడ రబ్బరుంది. ఎవరో పీకేశారు."

"ఊడిపోయి ఉండొచ్చు."

"గమ్ము పూసింది ఊడదు," అంది వైర్ల పిల్ల.

"నువ్వుండు," అన్నాం ఇద్దరం ఒకేసారి.

"సరే, పీకారనే అనుకుందాం," అన్నాడాయన. "ఎవరు పీకుతారు? ఎందుకు? పెద్దాయన గురించి నేను వాకబు చెయ్యలేదనుకుంటున్నావా?" కోపమొస్తే ఈయనకి మేడమ్ పోయి పాత నువ్వు వచ్చేస్తుంది. "నలభై ఏళ్లు బస్సు నడిపాడు. ఒక్క యాక్సిడెంటు లేదు, ఒక్క తగువు లేదు. ఆయన్ని చంపి ఎవడు బాగుపడతాడు, చెప్పు?"

నేనూ నలుగుర్నీ అడిగాను. ఆ మనిషికి నిజంగానే శత్రువుల్లేరు.

బండి లోపలికెక్కాను. చిన్న గది, కానీ ముచ్చటగా ఉంది. ప్రతి వస్తువుకీ ఓ అర, ప్రతి అరకీ ఓ గడియ. మంచం కింద బ్యాటరీ పెట్టె. పక్కనే రిలే, రెండు బ్యాటరీల్నీ కలిపే చిన్న డబ్బా. ఫ్రిజ్ తలుపు తీసి ఉంది, లైట్ల స్విచ్చిలన్నీ ఆపి ఉన్నాయి, ఫ్యాను ఆపి ఉంది. మంచం తలాపున అరలో ఊపిరి మిషను. గొట్టం చుట్టచుట్టి, మాస్కు కొక్కేనికి తగిలించి ఉంది. మిషను స్విచ్చి మాత్రం ఆన్‌లో ఉంది.

"ఆ రాత్రి మీరు లేరు కదమ్మా?" అని కిటికీలోంచి అడిగాను.

"లేను. మా చెల్లెలి కూతురికి నొప్పులొస్తున్నాయని ఫోనొచ్చింది. మాస్కు కడుగుతున్నదాన్ని, అది కొక్కేనికి తగిలించి ఉన్నపళాన ఆటో ఎక్కాను. ఎనిమిదై ఉంటుంది. తెల్లారేదాకా అక్కడే, కన్నుమూయలేదు."

"మిషను ఆపే వెళ్లారా?"

"ఆపకుండా ఎలా కడుగుతాను?"

"దీన్ని మీ ఆయన ఎప్పుడైనా వాడేవారా?"

"ఆయనకెందుకు? దున్నపోతులా నిద్రపోయేవాడు." అని ఆవిడ చటుక్కున ఆగిపోయింది. ఆ మాట అలవాటుగా వచ్చేసిందని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది. పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, "ఇంకేం కావాలో అడుగు," అంది.

ఇంకడగాల్సింది ఆవిణ్ని కాదు. యార్డు కాపలాదారుని. జీపు వెనక నిలబడి ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, నోట్లో నాలుక లేనట్టుంటాడు. ఇంజను రాత్రంతా తిరిగిందని చెప్పిన సాక్షి ఇతనే. ఇస్త్రీబాబు కేసంతా ఇతని మాట మీద నిలబడి ఉంది.

"ఇంజను ఎప్పుడు మొదలైందయ్యా?"

"పదకొండింటికమ్మా. గేటు పక్క నా గదిలో ఉన్నాను. గుర్రుమని చప్పుడొచ్చింది."

"వెళ్లి చూళ్లేదా?"

"బ్యాటరీ నింపుకుంటున్నారనుకున్నా. ఆ మధ్యెప్పుడో ఆయనే చెప్పాడు, నిండట్లేదని."

"ఎప్పుడాగింది?"

"తెల్లారగట్ల. ఐదు కావచ్చు."

"ఎలా ఆగింది? ఒక్కసారిగా ఆగిందా, దగ్గిదగ్గి ఆగిందా?"

అతను ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. "ఆగిందమ్మా, అంతే. డీజిలైపోయి ఆగింది."

"నువ్వు గేటు దగ్గర గదిలో ఉన్నావు. డీజిలైపోయి ఆగిందని నీకెలా తెలుసు?"

"తర్వాత సార్ వాళ్లన్నారు."

"మేడమ్," అన్నాడు ఇస్త్రీబాబు, "నా సాక్షిని బెదిరించొద్దు."

"బెదిరించడం కాదు, పలకరిస్తున్నాను." వైర్ల పిల్ల వైపు తిరిగాను. "అమ్మాయ్, ఈ రెండు బ్యాటరీల సంగతి నాకు అర్థమయ్యేట్టు చెప్పు. తొందర లేదు."

"తొందర లేకపోవడమేంటక్కా, మూడింటికి నన్ను కోర్టులో పెడతారు!" అంది. అని చెప్పింది. "మధ్యలో రిలే ఉంది. అది ద్వారపాలకుడనుకోండి. ఇంజను తిరిగి, డైనమో కరెంటు పుట్టిస్తేనే తలుపు తీస్తుంది, వెనక బ్యాటరీకి చార్జి పోతుంది. ఇంజను ఆగిందా, తలుపు మూసేస్తుంది. అలా ఎందుకంటే, రాత్రి పెద్దమ్మ మిషను ఎంతసేపు నడిచినా వెనక బ్యాటరీయే తినాలి, పొద్దున బండి స్టార్టవ్వడానికి ముందు బ్యాటరీ మిగలాలి. అదీ లెక్క."

"వెనకది నిండుగా ఉంటే మిషను ఎంతసేపు నడుస్తుంది?"

"ఒక రాత్రి. తెల్లారేసరికి ఖాళీ."

అప్పుడు తట్టింది నాకు. ఇంతసేపూ మేమందరం ఒకటే ప్రశ్న వేసుకుంటున్నాం: ఇంజను తిరిగినా బ్యాటరీ ఎందుకు నిండలేదు? ప్రశ్నే తప్పు. వైరింగు బాగుంటే జవాబు ఒక్కటే. ఇంజను తిరగలేదు!

"ఇన్‌స్పెక్టరు గారూ, ఈ బండి స్టార్ట్ చేద్దాం. వెనక బ్యాటరీకి చార్జి ఎక్కుతుందో లేదో మీ కళ్లతోనే చూద్దురు గాని."

"కుదరదు. అది సాక్ష్యం. ముట్టుకోవడానికి వీల్లేదు."

"ఫోటోలు తీశారు. కొలతలు తీశారు. వేలిముద్రలు తీశారు. ఇంకా దేనికి భయం?"

"భయం కాదు, రూలు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట. కేసులో పస లేకపోతే రూలు గుర్తొస్తుంది."

ఆయన ముఖం కందగడ్డ అయింది. "చూడు, నువ్వు డిపార్టుమెంటు వదిలేసి పదిహేనేళ్లయింది. ఇక్కడ నువ్వెవరివి? ఏ అధికారంతో మాట్లాడుతున్నావు?"

"తను కాదు, నేను మాట్లాడుతున్నాను," అంది నర్సమ్మ కుర్చీలోంచి లేచి. "ఈ బండి నా పేరు మీదుంది బాబూ. నా బండి స్టార్ట్ చెయ్యమని నేనడుగుతున్నాను. కాదంటే ఎందుకు కాదన్నారో రాసివ్వండి. ఆ కాగితం పట్టుకుని మూడింటికి నేనే మేజిస్ట్రేటు దగ్గరికొస్తాను."

ఇస్త్రీబాబు ఆవిణ్ని చూశాడు, నన్ను చూశాడు. నేను సంచీలోంచి నా లైసెన్సు కార్డు తీసి బానెట్ మీద ఆ కాగితం పక్కనే పడేశాను.

"చార్జి ఎక్కకపోతే దీన్ని మీరే చించెయ్యండి. రేపట్నుంచి ఇంట్లో కూరగాయలు తరుక్కుంటాను."

"ఒక షరతు," అన్నాడు చివరికి. "మీటరు నేనే పట్టుకుంటాను. నువ్వూ ఆ పిల్లా బండికి దూరంగా ఉండాలి."

"మహారాజులా పట్టుకోండి. కాకపోతే మంచం కింద పడుకోవాలి మరి."

నా కారు కూడా డీజిలుదే. డిక్కీలో ఎప్పుడూ ఓ డబ్బా ఉంచుకుంటాను. డబ్బాలోది ఇల్లుబండి ట్యాంకులో పోయించాను. ముందు బ్యాటరీ తాళంచెవి ఆన్‌లో ఉండి ఉండి చచ్చిపోయింది కాబట్టి, దానికి నా కారు నుంచి జంపర్ వైర్లు పెట్టాం. ఇస్త్రీబాబు చొక్కా చేతులు మడిచి, పిల్ల బయట నుంచి చెబుతుంటే, మంచం కింద బోర్లా పడుకుని మీటరు ముళ్లు బ్యాటరీకి ఆనించాడు.

"ఎంతుంది సార్?" అని అరిచింది పిల్ల.

"పదకొండు పాయింటొకటి."

"డ్రైవరూ, కొట్టు," అన్నాను.

పోలీసు డ్రైవరు తాళంచెవి తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. గుర్రుమంటూ మొదలై, చక్కగా కుదురుకుంది.

ఇది నేననుకున్నది కాదు, దాని తాత! నేను వెనక బ్యాటరీ కోసం చూస్తుంటే ముందు ఇంజనే సాక్ష్యం చెప్పేసింది. బండి దిగి నా పక్కకొచ్చిన పోలీసు డ్రైవరు ముఖం కూడా మారిపోయింది. అతను నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను.

"మేడమ్," అన్నాడు మెల్లగా, "ఇది డీజిలైపోయి ఆగిన బండి కాదు."

"అదెలా?" అంది నర్సమ్మ.

"మా నాన్న లారీ నడిపేవాడమ్మా," అన్నాను. "డీజిలు బండి ఎండిపోయేదాకా తిరిగి ఆగిందంటే పైపుల్లో గాలి పట్టేస్తుంది. తర్వాత ట్యాంకు నిండా పోసినా లేవదు. పంపు కొట్టి, గాలి తీసి, నానా చావూ చస్తేగాని లేవదు. మీ ఆయనుంటే మనకంటే ముందు ఆయనే చెప్పేవాడు. ఈ బండి పైపులు నిండుగా ఉన్నాయి. ట్యాంకు మాత్రమే ఖాళీ. ఇంజను తాగలేదు, ఎవరో గొట్టం పెట్టి లాగేశారు."

అప్పుడే బండి లోపల టక్కుమంది.

"రిలే!" అని గెంతింది వైర్ల పిల్ల, బేడీలతో సహా. "జంపర్ తీసెయ్యండి! ఇంక అక్కర్లేదు. సార్, ఎంత?"

ఇస్త్రీబాబు మీటరు ముళ్లు తీసి మళ్లీ ఆనించడం తలుపులోంచి కనిపించింది.

"సార్! ఎంతండీ?"

"పన్నెండున్నర," అన్నాడు ఇస్త్రీబాబు. కాసేపాగి, "పదమూడు." ఇంకాసేపాగి, "పదమూడు పాయింటారు. పెరుగుతోంది."

ఆయన బయటికొచ్చాడు. చొక్కా ముందంతా దుమ్ము, ఒక బొత్తాం ఊడింది. దులుపుకోలేదు. నేరుగా వెళ్లి బానెట్ మీది కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా లైసెన్సు కార్డు నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత, నేను నోరు తెరవకముందే, జీపు వెనక్కి నడిచాడు. అదీ ఆయనలో నాకు నచ్చేది. ఓడిపోయానని తెలిశాక ఒక్క క్షణం కూడా దండగ చెయ్యడు.

"రాత్రంతా ఇంజను తిరిగిందన్నావు," అన్నాడు కాపలాదారుతో.

"చప్పుడు... వినిపించింది సార్."

"ఈ ఇంజను తిరగలేదు. మరి నువ్వు విన్నది ఏ ఇంజను?"

అతను నిలబడ్డవాడు నిలబడ్డట్టే కింద కూలబడ్డాడు. రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. ఎవరం దెబ్బ కొట్టలేదు, తిట్టలేదు. రెండ్రోజులుగా మోస్తున్న బరువు దించుకోవడానికి అతనే చోటు వెతుక్కుంటున్నాడేమో.

"ఆసుపత్రి అంబులెన్సు సార్. పక్కనే ఆపి, దాని పొగగొట్టం నుంచి బండి కింది కన్నంలోకి పైపు పెట్టాడు దాని డ్రైవరు. నేను... నేను కింద రబ్బరు పీకానంతే. తెల్లారాక అద్దం రబ్బరు తప్పించి, కమ్మీతో తాళంచెవి తిప్పింది కూడా వాడే. ట్యాంకు లాగిందీ వాడే. పీకకపోతే మా ఆవిడకి డయాలసిస్ ఆపేస్తామన్నారు సార్. వారానికి రెండుసార్లు, ఆ ఆసుపత్రిలోనే..."

"ఏ ఆసుపత్రి?" అంది నర్సమ్మ. ఆవిడ గొంతు అప్పటికే తెలిసినదాని గురించి అడుగుతున్నట్టుంది.

అతను ఆవిణ్ని చూడలేకపోయాడు. నేలని చూస్తూ, "ఆయన కోసం కాదమ్మా," అన్నాడు. "మీ కోసం వచ్చారు. మీరు వెళ్లడం నేను చూళ్లేదు, అన్నానికి పోయాను. తలుపు దగ్గర చెవి పెట్టి విన్నాం. మీ మిషను చప్పుడు వినిపించింది. ఇద్దరూ ఉన్నారనుకున్నాం."

ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. పోలీసు డ్రైవరు వెళ్లి ఆపేశాడు.

నర్సమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది. "ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదనేవాడు," అంది, మాలో ఎవరితోనూ కాకుండా. "నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా మిషను ఆన్ చేసుకుని పడుకున్నాననేవాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. పిచ్చి మనిషి, నిజంగానే పెట్టుకున్నాడు." అప్పుడేడ్చింది. రెండ్రోజుల ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. వైర్ల పిల్ల వెళ్లి బేడీల చేతుల్తోనే ఆవిడ భుజం పట్టుకుంది. ఇస్త్రీబాబు కానిస్టేబులు చేతిలోంచి తాళంచెవి లాక్కుని తనే ఆ బేడీలు విప్పాడు.

నిమ్మళించాక ఆవిడే చెప్పింది. తను పనిచేసిన ఆసుపత్రిలో ఆపరేషను బల్ల మీద ఒక బాలింత చనిపోయింది. కత్తి పట్టిన పెద్ద డాక్టరు ఆ రోజు తాగి ఉన్నాడు. ఆ గదిలో ఉన్నవాళ్లలో నోరు విప్పుతానన్నది ఈవిడొక్కతే. సోమవారం కోర్టులో ఆవిడ సాక్ష్యం.

"ముందే నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చచ్చింది ఆయన కదా. నా గొడవ ఆయనకి చుట్టుకుంటుందని నాకేం తెలుసు?" అంది. కాపలాదారు వైపు తిరిగింది. "మీ ఆవిడ నాకు తెలుసు. ఎడమచేతికి సూది వేయించుకోదు, కుడిచేతికే వెయ్యమంటుంది. నాతో ఒక్క మాట చెప్పుంటే ఇంకో ఆసుపత్రిలో పెట్టించేదాన్ని కదరా." అతను నేలకి తల కొట్టుకున్నాడు.

అంతలో అతని జేబులో ఫోను మోగింది. తెర మీద పేరు లేదు, నంబరే ఉంది. అతను ఆ నంబరు చూసి తేలు కుట్టినవాడిలా ఫోను కింద పడేశాడు.

"తియ్యి," అన్నాడు ఇస్త్రీబాబు. తన ఫోనులో రికార్డింగు నొక్కి పక్కన పెట్టాడు. "స్పీకరు పెట్టు. పిల్ల సంతకం పెట్టేసిందని చెప్పు. ఇంకేం మాట్లాడకు."

అతను నొక్కాడు.

"ఏమైంది?" అంది అవతలి గొంతు. తీరుబడిగా, దర్జాగా ఉంది. "ఆ వైర్లమ్మాయి ఒప్పుకుందా?"

"ఒ... ఒప్పుకుంది సార్. సంతకం పెట్టేసింది."

"మంచిది. ముసలిదెక్కడుంది?"

"ఇక్కడే సార్."

"ఏడుస్తోందా? ఏడవనీ. మొగుడు పోయాక ఇక కోర్టు మెట్లు ఏం ఎక్కుతుంది? ఒకవేళ ఎక్కుతానంటే, సోమవారానికి ఇంకా టైముంది. నువ్వు మాత్రం ఫోను దగ్గర పెట్టుకో."

నేను వేలితో సైగ చేస్తూనే ఉన్నాను, ఎవరూ ఊపిరి తియ్యొద్దని. ఇంకొంచెం మాట్లాడితే వాడు ఇంకేదో ఒకటి కక్కుతాడని నా ఆశ. కానీ నర్సమ్మ కుర్చీలోంచి లేచింది. చెయ్యడ్డం పెట్టబోయాను. ఆవిడ నా చేతిని పక్కకి నెట్టి, కాపలాదారు చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ముసలిదాన్నే మాట్లాడుతున్నాను డాక్టరు గారూ."

ఆవిడ ఫోను నోటికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుంది.

"ఇరవై ఆరేళ్లు మీ వెనకాల రౌండ్లకి తిరిగాను. ఈ గొంతు చెప్పిన మందులన్నీ రాసుకున్నాను. నాకు తెలీదా? అవును, ఏడుస్తున్నాను. సోమవారం కూడా ఏడుస్తూనే వస్తాను. ఏడుస్తూ సాక్ష్యం చెప్పకూడదని ఏ చట్టంలోనూ లేదు."

ఫోను కట్టయింది. ఆవిడ దాన్ని ఇస్త్రీబాబు చేతిలో పెట్టి, ముఖం తుడుచుకుంది.

నాకు తిట్టాలనిపించింది, కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. రెండూ చెయ్యలేదు. ఇస్త్రీబాబు మాత్రం గేటు వైపు చూసి, కానిస్టేబులుతో గేటు మూయించి, ఆవిడ దగ్గరికొచ్చాడు.

"ఎంత పని చేశారమ్మా!" అన్నాడు. "మనకి తెలిసిపోయిందని ఇప్పుడు వాళ్లకి తెలిసిపోయింది. ఇక వాళ్లు ఊరుకోరు."

"ఊరుకోమని ఎవరడిగారు బాబూ?" అంది నర్సమ్మ.